హుకుంల తర్తీబ్: బావర్చీఖానా నుంచి ప్రాసెసర్ దాకా

పోయిన నెల షామీర్‌పేట్ రోడ్డు మీది ఒక ఫంక్షన్ హాల్లో మా ఖాన్దాన్‌లో వలీమా దావత్. అసర్ నమాజ్ అయ్యాక నేను, మా భాంజీ హాలు వెనక బావర్చీఖానా వైపు నడిచాం. భాంజీ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, ఎలక్ట్రానిక్స్. వచ్చే సెమిస్టర్‌కు ఏ సబ్జెక్టు ఎంచుకోవాలన్న దాని మీద ఇంట్లో బహస్ నడుస్తోంది. తను కంప్యూటర్ ఆర్కిటెక్చర్ అంటోంది. మా దూల్హా భాయ్, అంటే తన అబ్బా, "ఆ చిప్పుల చదువు ఎవరికి కావాలి? మూణ్ణెల్ల సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్, నౌకరీ దొరుకుద్ది" అంటున్నారు. ఇద్దరూ నన్ను మధ్యలో నిలబెట్టారు. నేను అఖ్బార్ వాణ్ణి. ఉర్దూ మీడియం బడి, తెలుగులో డిగ్రీ. చిప్పు లోపల ఏముంటుందో నాకేం తెలుసు?

"ఇంతకీ ఆ సబ్జెక్టులో ఏం చెప్తారు బేటీ?" అని అడిగాను.

భాంజీ భట్టీల వైపు చూపించింది. "అదే మామూ. ఆ బడే మియాఁ చేస్తున్నదే."

ఐదు వందల మంది దావత్. పెద్ద బావర్చీ ఒక కుర్చీలో కూర్చుని హుకుంలు ఇస్తున్నాడు. గోష్త్‌కు మసాలా పట్టించి పక్కన పెట్టారు. అది నానాలి, మూడు గంటలు. ఆ మూడు గంటలు ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఒకరు ఖుబానీలు ఉడికిస్తున్నారు, ఒకరు మిర్చీ కా సాలన్‌కు నువ్వులు, పల్లీలు వేయిస్తున్నారు, ఒకరు బియ్యం కడుగుతున్నారు. ఖాగితం మీద రాసిన వరుస ఒకటి, చేతుల్లో నడుస్తున్న వరుస ఇంకొకటి. కానీ దస్తర్‌ఖాన్ మీదికి వచ్చేది మాత్రం మళ్ళీ సరైన వరుసలోనే.

"దీన్నే మా పుస్తకంలో ఇన్‌స్ట్రక్షన్ షెడ్యూలింగ్ అంటారు" అంది భాంజీ. ఆ రోజు నుంచి నేను ఈ విషయం మీద చదువుతూనే ఉన్నాను. చదివింది మీతో పంచుకుంటున్నాను. ఇందులో మన ఇలాఖా తారీఖ్ కూడా కొంత ఉంది.

ఇంతెజార్ ఎక్కడ వస్తుంది?

ప్రాసెసర్‌కు ప్రోగ్రామ్ అంటే ఒక హుకుంల ఫెహ్రిస్త్. ఈ రెండు అంకెలు కలుపు. ఆ ఖానాలో ఉన్నది తీసుకురా. ఇది సున్నా అయితే అటు వెళ్ళు. ఒక్కో హుకుం చాలా చిన్నది. ఇప్పటి ప్రాసెసర్ సెకనుకు మూడు వందల కోట్ల సార్లు గడియారం కొడుతుంది. కలపటం లాంటి పని ఒక్క గంట కొట్టేలోపు అయిపోతుంది. కానీ బయట ఉన్న పెద్ద మెమరీ నుంచి ఒక అంకె తెమ్మంటే రెండు వందల గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. బావర్చీకి ఉల్లిగడ్డ చేతికి అందేంత దూరంలో ఉంది, కుంకుమపువ్వు మాత్రం చార్మినార్ బజార్ నుంచి రావాలి. ఆ మనిషి వచ్చేదాకా అందరూ ఆగితే దావత్ ఫజర్‌కు మొదలవుతుంది.

కాబట్టి ఆగిన పనిని పక్కన పెట్టి, ఆగాల్సిన అవసరం లేని పని ముందు చేయాలి. మరి ఏది ముందు చేయవచ్చు, ఏది చేయకూడదు? బావర్చీఖానాలో మూడు రకాల అడ్డంకులు కనిపిస్తాయి.

మొదటిది అసలైన అవసరం. గోష్త్‌కు పట్టించే మసాలాలో వేయించిన ఉల్లి పడాలి. ఉల్లి వేగకుండా మసాలా కలవదు. ఇక్కడ ఎవరి తెలివీ పనిచేయదు, ఆగాల్సిందే.

రెండోది గిన్నె తగువు. సాలన్ ఒక దేగ్‌లో ఉంది. బియ్యం ఉడకబెట్టటానికీ అదే దేగ్ అని ఖాగితంలో రాసి ఉంది. నిజానికి బియ్యానికీ సాలన్‌కూ రిష్తా ఏమీ లేదు. ఇంకో దేగ్ తెస్తే తగువు తీరిపోతుంది.

మూడోది భట్టీ తగువు. పెద్ద భట్టీ ఒక్కటే ఉంటే ఇద్దరికీ ఒకేసారి దొరకదు.

ప్రాసెసర్‌లోనూ అంతే. అసలైన అవసరాన్ని గౌరవించాలి. గిన్నె తగువును తెలివితో తీర్చాలి. భట్టీలు ఎన్ని పెట్టాలో డబ్బు చూసి నిర్ణయించుకోవాలి. అరవై ఏళ్ళుగా ఈ ఇల్మ్ అంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతోంది.

1964: పలక మీద రాసిన హిసాబ్

అమెరికాలో కంట్రోల్ డేటా కార్పొరేషన్ అని ఒక కంపెనీ ఉండేది. అక్కడ సేమోర్ క్రే అనే ఇంజనీరు, జేమ్స్ థార్న్‌టన్ అనే సాథీతో కలిసి "6600" అనే యంత్రం తయారు చేశాడు. 1964లో అది బయటికి వచ్చింది. ఆ జమానాలో దునియాలో అన్నిటికంటే వేగమైన కంప్యూటర్ అదే. దాని ఖబర్ బయటికి పొక్కినప్పుడు, 1963 ఆగస్టులో, ఐబీఎం అధినేత థామస్ వాట్సన్ జూనియర్ తన మనుషులకు గుస్సాతో ఒక ఉత్తరం రాశాడు. ఆ ల్యాబ్‌లో ఊడ్చే మనిషిని కూడా కలుపుకుని 34 మంది ఉన్నారట, ఇంత పెద్ద కంపెనీ అయ్యుండి మనం వాళ్ళ వెనక ఎందుకు పడ్డామని అడిగాడు. జవాబు ఆ ప్రశ్నలోనే ఉందన్నట్టు క్రే అన్నాడని చెప్తారు.

"6600"లో పది వేరు వేరు భట్టీలు ఉండేవి. గుణించటానికి రెండు, భాగించటానికి ఒకటి, కలపటానికి వేరే, ఇలా. పది ఉన్నాయి సరే, ఎవరికి ఎప్పుడు పని ఇవ్వాలి? దానికి థార్న్‌టన్ స్కోర్‌బోర్డ్ అనే ఏర్పాటు చేశాడు. బావర్చీఖానా గోడ మీద ఒక పలక అనుకోండి. ఏ భట్టీ ఖాళీ, ఏ గిన్నె ఎవరి చేతిలో, ఎవరు ఎవరి కోసం ఇంతెజార్ చేస్తున్నారు అన్నీ దాని మీద ఉంటాయి. కావలసిన సామాను సిద్ధమైన హుకుం మొదలవుతుంది. సిద్ధం కానిది తన భట్టీ దగ్గర ఆగుతుంది, దాని వెనక వచ్చిన హుకుం దాన్ని దాటి పోవచ్చు.

కానీ స్కోర్‌బోర్డ్ గిన్నె తగువును తీర్చలేదు. రెండు హుకుంలు ఒకే గిన్నె పేరు చెప్తే రెండోది ఆగాల్సిందే. రిష్తా లేని ఇద్దరు కేవలం పేరు కోసం ఒకరి వెనక ఒకరు నిలబడేవారు.

1967: టోకెన్ల తరీఖా

ఆ తగువును తీర్చినవాడు ఐబీఎంలో పనిచేసే రాబర్ట్ టొమాసులో. "సిస్టం 360 మోడల్ 91" అనే యంత్రంలో దశాంశ లెక్కల భాగం కోసం ఆయన చేసిన తరీఖా 1967 జనవరిలో ఐబీఎం సొంత పత్రికలో అచ్చయింది. ఈ రోజు మీ జేబులోని ఫోన్ ప్రాసెసర్ కూడా ఆ ఖయాల్ మీదే బతుకుతోంది.

దావత్‌లో చెప్పులు బయట ఇస్తే టోకెన్ ఇస్తారు చూడండి, అలాంటిదే. టొమాసులో ప్రతి భట్టీ ముందు కొన్ని కుర్చీలు వేశాడు. హుకుం వచ్చి అక్కడ కూర్చుంటుంది. దానికి కావలసిన సామాను సిద్ధంగా ఉంటే చేతిలో పెడతాడు. సిద్ధంగా లేకపోతే గిన్నె పేరు చెప్పడు, ఆ సామాను తయారు చేస్తున్నవాడి టోకెన్ నంబర్ ఇస్తాడు. పని పూర్తయినవాడు గట్టిగా అరుస్తాడు: "ఏడో నంబర్ నతీజా, ఇదిగో!" ఏడో నంబర్ కోసం కూర్చున్న వాళ్ళందరూ ఒకేసారి అందుకుంటారు. గిన్నె పేరు ఏమిటన్నది ఇక ఎవరికీ పట్టదు. ఒకే పేరుతో పది పనులు నడిచినా టోకెన్లు వేరు కాబట్టి కలగాపులగం కావు.

అదే ఐబీఎంలో, అదే రోజుల్లో ఇంకొకరు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. పేరు లిన్ కాన్వే. ఒక్క గంటలో ఒకటి కాదు, చాలా హుకుంలను వరుస తప్పించి ఎలా పంపవచ్చో 1960ల మధ్యలోనే ఒక రహస్య ప్రాజెక్టులో ఆమె చూపించారు. పురుషుడిగా పుట్టి స్త్రీగా మారుతున్నారని తెలిసి 1968లో కంపెనీ ఆమెను పనిలోంచి తీసేసింది. ఆ ప్రాజెక్టు కూడా 1969లో మూతపడింది. ఆమె చేసిన పని దశాబ్దాల పాటు దునియాకు తెలియలేదు. 52 ఏళ్ళ తర్వాత, 2020లో, ఐబీఎం మాఫీ అడిగింది. ఆమె 2024లో కన్నుమూశారు. హునర్‌ను గేటు బయట నిలబెట్టినప్పుడు నష్టపోయేది ఎవరో ఆలోచించటానికి ఈ కిస్సా ఒక్కటి చాలు.

అదే 1967లో, కుషాయిగూడ వైపు

టొమాసులో వ్యాసం జనవరిలో వచ్చింది కదా. అదే సంవత్సరం ఏప్రిల్ 11న మన హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, మనందరి నోట్లో ఈసీఐఎల్, మొదలైంది. అణుశక్తి శాఖ కింద. దాన్ని నిలబెట్టినవారు అయ్యగారి సాంబశివరావు, పశ్చిమ గోదావరి జిల్లా నుంచి వచ్చినవారు. ఏ.ఎస్.రావు నగర్ పేరు ఆయనదే. షామీర్‌పేట్, మేడ్చల్ వైపు నుంచి సిటీ బస్సు ఎక్కి "ఈసీఐఎల్ ఎక్స్ రోడ్స్" అని టికెట్ అడిగే మనలో చాలామందికి ఆ అక్షరాల వెనక కంప్యూటర్ ఉందని తెలియదు. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు కుషాయిగూడ కూడా మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోకే వచ్చింది. అంటే ఆ ఫంక్షన్ హాలూ, ఆ ఫ్యాక్టరీ ఒకే జిల్లా.

ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ–12 అనే కంప్యూటర్‌ను ఈసీఐఎల్ తయారు చేసింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 12 బిట్ల యంత్రం. 1969లో విక్రమ్ సారాభాయ్ దాన్ని ప్రారంభించారు. తర్వాత టీడీసీ–312, 1970ల మధ్యలో 16 బిట్ల టీడీసీ–316 వచ్చాయి. ఐబీఎం 1978లో హిందుస్తాన్ వదిలి వెళ్ళిపోయిన రోజుల్లో మన సంస్థలకు దొరికిన దేశీ యంత్రాల్లో ఇవి ముఖ్యమైనవి.

ఇక్కడ ఒక సవాల్ వస్తుంది. అమెరికాలో వరుస దాటించే తరీఖా 1967కే ఉంది, మరి మన యంత్రాల్లో ఎందుకు లేదు? ఆ తరం చిన్న కంప్యూటర్లన్నీ, మనవైనా బయటివైనా, ఒక హుకుం పూర్తయ్యాకే ఇంకోటి మొదలుపెట్టేవి. అది ఐబ్ కాదు. టొమాసులో తరీఖాకు చాలా సర్క్యూట్లు కావాలి. ప్రతి కుర్చీ దగ్గరా టోకెన్ పోల్చి చూసే సామాను ఉండాలి. అది లక్షల డాలర్ల యంత్రాలకే సాధ్యం. ఐబీఎం కూడా "91"ను పదుల లెక్కలోనే తయారు చేసి ఆపింది. ఒక రియాక్టర్‌ను గమనిస్తూ ఉండే చిన్న యంత్రానికి వేగం కంటే భరోసా ముఖ్యం. నలుగురి ఇంటి వంటకు బడే మియాఁ కుర్చీ వేసుకుని కూర్చోనక్కరలేదు కదా.

తర్వాత ఇంకో మలుపు. 1980ల్లో ఈసీఐఎల్ పెద్ద కంప్యూటర్ల కోసం కంట్రోల్ డేటాతోనే ఒప్పందం చేసుకుంది, "సైబర్" వంశపు యంత్రాల కోసం. గోడ మీద పలక పెట్టిన ఆ "6600" తయారు చేసిన కంపెనీయే అది. కానీ అప్పటికే దునియా గాలి మారింది. మైక్రోప్రాసెసర్ వచ్చింది, పెద్ద యంత్రాల జమానా ముగుస్తోంది. ఈసీఐఎల్ పేరు ఈ రోజు సామాన్యుడికి ఓటింగ్ యంత్రాల వల్ల తెలుసు.

గ్యాస్ అయిపోతే?

"మరి ఇంత మంచి తరీఖా అయితే టొమాసులో తర్వాత అందరూ ఎందుకు వాడలేదు?" అని భాంజీని అడిగాను.

"మధ్యలో గ్యాస్ అయిపోయిందనుకోండి మామూ" అంది.

వరుస దాటి పని చేస్తున్నారు. పదో పని అయిపోయింది, ఆరో పని కాలేదు. అప్పుడు సిలిండర్ ఖాళీ. ఇప్పుడు కొత్త బావర్చీ వచ్చి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? "ఐదో పని దాకా అయింది" అని చెప్పలేం, ఎందుకంటే పదోది కూడా అయిపోయింది. ప్రాసెసర్‌లోనూ మధ్యలో గడబిడ వస్తుంది. సున్నాతో భాగించమంటారు, అడిగిన పేజీ మెమరీలో ఉండదు. అప్పుడు పని ఆపి, సరిచేసి, ఆగిన చోటి నుంచే మొదలుపెట్టాలి. మోడల్ 91 ఆ చోటు కచ్చితంగా చెప్పలేకపోయేది.

దీనికి జవాబు 1985లో వచ్చింది. జేమ్స్ స్మిత్, ఆండ్రూ ప్లెజ్‌కున్ అనే ఇద్దరు పరిశోధకులు రీఆర్డర్ బఫర్ అనే ఏర్పాటు చెప్పారు. పనులు ఏ వరుసలోనైనా అవనివ్వు. కానీ అయిన పనిని అప్పుడే దస్తర్‌ఖాన్ మీద పెట్టకు. ఒక బల్ల మీద, వచ్చిన వరుసలో, మూత పెట్టి ఉంచు. అన్నిటికంటే ముందున్నది పూర్తయినప్పుడే దాన్ని లోపలికి పంపు, తర్వాత దాని వెనకది. ఆరోది కాకపోతే పదోది బల్ల మీదే ఉంటుంది. గడబిడ వస్తే బల్ల ఖాళీ చేసి మళ్ళీ ఆరు నుంచి మొదలుపెట్టు. అదే సంవత్సరం యేల్ పాట్ తన షాగిర్దులతో కలిసి టొమాసులో ఖయాల్‌ను మొత్తం ప్రాసెసర్‌కు ఎలా వర్తింపజేయవచ్చో చూపించాడు.

చేయటం ఏ వరుసలోనైనా, హిసాబ్ మాత్రం హుకుం వచ్చిన వరుసలో. ఈ ఒక్క ఉసూల్‌తో పాత తరీఖా మళ్ళీ లేచి నిలబడింది.

ముందే రాసుకునే ఉస్తాద్‌లు

ఈలోపు ఇంకో జమాఅత్ వేరే దారిలో నడిచింది. భట్టీ దగ్గర నిలబడి ఫైసలాలు చేసే బావర్చీకి చాలా జీతం ఇవ్వాలి. దాని బదులు ముందు రాత్రే ఖాగితం మీద మొత్తం తర్తీబ్ రాసేస్తే? ఏ నిమిషంలో ఎవరు ఏ భట్టీ దగ్గర, అన్నీ ముందే. తెల్లారి ఖాగితం చూసి పని చేయటమే. ఆ రాసే పని కంపైలర్ అనే సాఫ్ట్‌వేర్‌ది. ప్రాసెసర్ సాదాగా ఉంటుంది. జోష్ ఫిషర్ 1980ల మొదట్లో ఈ దారి చూపించి మల్టీఫ్లో అనే కంపెనీ పెట్టాడు.

ఈ దారిలో అందరికంటే గౌరవించదగ్గ పేరు మన దక్కన్ పొరుగువాడిది. బంట్వాళ్ రామకృష్ణ రావు, అమెరికాలో అందరికీ బాబ్ రావు. బంట్వాళ్ కర్ణాటక తీరంలోని ఊరు. మద్రాస్ ఐఐటీలో 1972లో డిగ్రీ, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్. సైడ్రోమ్ అనే కంపెనీ పెట్టాడు, 1988లో అది మూతపడింది. ఆ మరుసటి సంవత్సరం హ్యూలెట్ ప్యాకర్డ్ పరిశోధనాలయంలో చేరాడు.

బాబ్ రావు 1981లో ఇచ్చిన తోహ్ఫా పేరు మాడ్యులో షెడ్యూలింగ్. రుమాలీ రోటీ చేసేవాణ్ణి చూస్తే అర్థమవుతుంది. ఒక రోటీకి మూడు పనులు: ముద్ద చేయటం, గాలిలో తిప్పి పలచన చేయటం, బోర్లించిన కడాయి మీద కాల్చటం. ఒక్కోదానికి అర నిమిషం అనుకుంటే రోటీకి నిమిషంన్నర. ఒక రోటీ పూర్తయ్యాకే ఇంకోటి మొదలుపెడితే వంద రోటీలకు 150 నిమిషాలు. కానీ ముగ్గురు నిలబడి, మొదటిది కడాయి మీద ఉండగా రెండోది గాలిలో, మూడోది ముద్దగా ఉంటే? ప్రతి అర నిమిషానికీ ఒక రోటీ దిగుతుంది. వంద రోటీలకు 51 నిమిషాలు. ఒక్క రోటీకి పట్టే వఖ్త్ తగ్గలేదు, రోటీకీ రోటీకీ మధ్య దూరం తగ్గింది. ప్రోగ్రామ్‌లో మళ్ళీ మళ్ళీ తిరిగే లూప్‌లను ఇలా పేర్చటం ఎలా, ఆ దూరం ఎంత కంటే తగ్గదో ముందే ఎలా లెక్కగట్టాలి అన్నది ఆయన పని. ఎవరైనా ఉచితంగా తీసుకోగలిగిన జీసీసీ కంపైలర్‌లో ఈ తరీఖా ఇప్పటికీ ఉంది.

బాబ్ రావు ఆలోచనల మీద హ్యూలెట్ ప్యాకర్డ్, ఇంటెల్ కలిసి ఇటానియం అనే ప్రాసెసర్ కట్టాయి. 2001లో వచ్చింది, 2021లో పూర్తిగా ఆగిపోయింది. ఎందుకు నిలవలేదు? కారణాలు చాలా. ఒకటి మాత్రం మన బావర్చీఖానాలో కూడా తెలుస్తుంది: ముందు రాత్రి రాసిన ఖాగితానికి, కుంకుమపువ్వు తేవటానికి వెళ్ళినవాడు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాడని తెలియదు. మెమరీ ఈసారి త్వరగా ఇస్తుందా, ఆలస్యం చేస్తుందా అన్నది అప్పటికప్పుడే తేలుతుంది. 2002లో బాబ్ రావుకు ఈ ఇల్మ్‌లో అన్నిటికంటే పెద్ద ఇజ్జత్, ఎకర్ట్–మాచ్లీ అవార్డు దక్కింది. అదే సంవత్సరం డిసెంబరులో ఆయన ఇంతెఖాల్ చెందారు. ఆయన పేరు మీద ఇప్పుడు ఒక అవార్డు ఉంది.

1995 నవంబరులో ఇంటెల్ పెంటియం ప్రో తెచ్చింది. టొమాసులో కుర్చీలు, మూత పెట్టిన బల్ల రెండూ అందులో ఉన్నాయి. బల్ల మీద ఒకేసారి 40 పనులు ఉండేవి. దాని ముఖ్య శిల్పుల్లో ఒకడైన బాబ్ కాల్వెల్ అంతకుముందు ఫిషర్ మల్టీఫ్లోలో పనిచేసినవాడు. ఖాగితం మీద రాసే జమాఅత్ నుంచి వచ్చి భట్టీ దగ్గర నిలబడే బావర్చీని కట్టాడు. 2021 నాటి ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ బల్ల మీద 512 పనులు పడతాయి. ఖాగితం జమాఅత్ పూర్తిగా ఓడిపోలేదు కూడా. సిగ్నల్ ప్రాసెసింగ్ చిప్పుల్లో వాళ్ళ తరీఖా నేటికీ నడుస్తోంది. అక్కడ వచ్చే పని ముందే తెలుసు మరి.

అందాజా, అమానత్

512 పనులు ముందుకు చూడాలంటే ఒక చిక్కు ఉంది. ప్రోగ్రామ్‌లో ప్రతి నాలుగైదు హుకుంలకూ ఒక దోరాహా వస్తుంది. ఇది నిజమైతే ఇటు, కాకపోతే అటు. జవాబు తెలిసేదాకా ఆగలేదు కాబట్టి ప్రాసెసర్ అందాజా వేస్తుంది. పోయినసారి ఎటు వెళ్ళామో గుర్తుపెట్టుకుని అటే నడుస్తుంది. చాలాసార్లు అందాజా సరిపోతుంది. తప్పితే బల్ల మీది పనులు పారేసి వెనక్కి వస్తుంది. ఏమీ జరగనట్టే.

ఏమీ జరగనట్టే అని అందరూ ఇరవై ఏళ్ళకు పైగా నమ్మారు. 2018 జనవరిలో ఆ నమ్మకం విరిగింది. స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే రెండు లోపాలు బయటపడ్డాయి. తప్పు అందాజాతో చేసిన పనిని ప్రాసెసర్ పారేసినా, దాని కోసం మెమరీ నుంచి తెచ్చిన సామాను దగ్గరి అల్మారీలో మిగిలిపోతోంది. ఇంకొకడు వచ్చి ఏది త్వరగా దొరుకుతోంది, ఏది ఆలస్యంగా దొరుకుతోంది అని వఖ్త్ కొలిస్తే, తాను చూడకూడని రాజ్ ఏమిటో కనుక్కోవచ్చు. తాళం వేసిన కొట్లోని డబ్బా మూత పొరపాటున తీసి, వెంటనే పెట్టేశారు. డబ్బా బయటికి రాలేదు. కానీ వాసన గదిలో ఉంది. లోపల ఏముందో ముక్కు చెప్పేస్తుంది.

నా దృష్టిలో ఈ తారీఖ్‌లో అన్నిటికంటే పెద్ద సబఖ్ ఇదే. మీ బ్యాంకు పాస్‌వర్డ్, మీ బేటీ ఫోటోలు, మీ ఖాన్దాన్ ముచ్చట్లు ఫోన్‌లో ఒక అమానత్. ఆ అమానత్‌లో ఖియానత్ జరిగింది ఎవరో దొంగ బుద్ధితో రాసిన ప్రోగ్రామ్ వల్ల మొదలు కాలేదు. ఇంజనీర్లు అందరూ మంచి ఉద్దేశంతో జల్దీ కోసం చేసిన ఏర్పాటులోనే ఆ రంధ్రం ఉంది. నతీజా సరిగ్గా ఉందా అని మాత్రమే చూశారు, దారిలో ఏం జాడ వదిలామని చూడలేదు. అప్పటి నుంచి ప్రతి కంపెనీ కొంత వేగం వదులుకుని రంధ్రాలు పూడుస్తోంది. ఆ పని ఇంకా అయిపోలేదు.

దూల్హా భాయ్ సవాల్

దావత్ నుంచి తిరిగొచ్చేటప్పుడు కారులో దూల్హా భాయ్ మళ్ళీ అడిగారు. "ఇదంతా బాగుంది మియాఁ. మన పిల్లలకు ఇది పనికొస్తుందా?"

నేను ఆయనకు రెండు మాటలు చెప్పాను.

మొదటిది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంతో మొదలైంది. దానికి ఒక సంవత్సరం ముందే దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హక్ దాని నాజిమ్. సైన్స్, లెక్కలు, వైద్యం, ఇంజనీరింగ్ పుస్తకాలను అక్కడ ఉర్దూలోకి తెచ్చారు, లేని లఫ్జ్‌లు తయారు చేశారు. ఇంజనీరింగ్ లాంటి చదువు కూడా మన జుబాన్‌లో చెప్పవచ్చని ఈ షహర్ ఒక తరం పాటు చేసి చూపించింది. 1948 తర్వాత ఆ సిల్సిలా తెగింది. నేను ఉర్దూ మీడియంలో చదివే రోజులకు కంప్యూటర్ మీద మా బడి లైబ్రరీలో ఒక్క కితాబ్ లేదు. అంకగణితపు తరీఖాలకు అల్గారిథమ్ అనే పేరు తొమ్మిదో శతాబ్దపు బగ్దాద్‌లోని అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచి వచ్చిందని తఖ్రీర్‌లలో గర్వంగా విన్నాం. ఆ తరీఖా చిప్పులో ఎలా నడుస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. గర్వం ఒక తరానికి సరిపోయింది. ఇంకో తరానికి సరిపోదు.

రెండోది. ఈ పని ఇప్పుడు దూరంగా లేదు. హైదరాబాద్‌లో ఏఎండీ, ఇంటెల్, క్వాల్‌కామ్ లాంటి కంపెనీల ఇంజనీర్లు ప్రాసెసర్ల మీద పనిచేస్తున్నారు. షామీర్‌పేట్ పక్కనే 2008 నుంచి బిట్స్ పిలానీ క్యాంపస్ ఉంది. మద్రాస్ ఐఐటీలో శక్తి అనే ప్రాసెసర్ తయారైంది, దాని నక్షా అందరికీ తెరిచి పెట్టారు. దాని రకాల్లో వరుసలో నడిచేదీ ఉంది, వరుస దాటేదీ ఉంది. ఇంట్లో ఒక లాప్‌టాప్ ఉంటే భాంజీ ఆ నక్షా తెరిచి చదవవచ్చు. ఫీజు లేదు, సిఫారసు అక్కరలేదు.

నౌకరీ తప్పకుండా వస్తుందని నేను దూల్హా భాయ్‌కు వాదా చేయలేదు. చేయలేను. మూణ్ణెల్ల కోర్సుతో కూడా ఇప్పుడు ఎవరూ వాదా చేయలేరు, అది ఆయనకూ తెలుసు. కానీ వేర్లు తెలిసినవాడికి కొమ్మలు మారినా భయం తక్కువ. 1967 నాటి టోకెన్ ఖయాల్ 1985 దాకా మూలన పడి ఉంది. తర్వాత దునియా మొత్తం దాని మీద నడిచింది. చదువులో ఏది ఎప్పుడు పనికొస్తుందో అంత తేలిగ్గా చెప్పలేం.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తూంకుంట దాటాక వెనక్కి తిరిగి, "బేటీ, ఆ టొమాసులో అన్నవాడి పరీక్షలో ఎన్ని మార్కులకు వస్తుంది?" అని అడిగారు.

"పది మార్కులు అబ్బా."

"సరే. ఆ రోటీలది?"

భాంజీ నవ్వింది. మరుసటి వారం కాలేజీ ఫారంలో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ అని రాసి, దాని కింద అబ్బా దస్తఖత్ ఉన్న ఫోటో నాకు పంపించింది. మీ ఇంట్లో కూడా ఇలాంటి బహస్ నడుస్తూ ఉంటే, ముందు ఒకసారి పిల్లల్ని తీసుకుని దావత్ వెనక బావర్చీఖానా వైపు వెళ్ళి రండి.